జ్యేష్ఠల పుట్టిన పిల్ల

పిల్ల పుట్టిందంటే ఎవరైనా ముందుగాల ఏమడుగుతరు? ఎవరి పోలిక అని అడుగుతరు. ముక్కు ఎవరిది, రంగు ఎవరిది, ఆ ఏడ్పు ఎవరిది అని రెండు దిక్కుల చుట్టాలు పంచుకుంటరు, కొట్లాడుకుంటరు. నా చెల్లెకు బిడ్డ పుట్టిన రోజు ఆ మాట ఒక్కరి నోట్ల నుంచి రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనుక గల్లీల ఉండే నర్సింగ్‌హోం అది. కింద మందుల దుకాణం, పైన కోచింగ్ సెంటర్, నడుమ కాన్పుల వార్డు. మధ్యాహ్నం అన్నాల యాళ్లకు నర్సు పిల్లను గుడ్డల చుట్టి తెచ్చి నా చేతులల్ల పెట్టింది. నా చెల్లె అత్తగారు నా పక్కనే ఉన్నది. పిల్ల దిక్కు చూడలేదు. గోడ మీది గడియారం చూసి, టైము ఫోన్ల కొట్టుకొని, "ముందు ఏ నక్షత్రమో కనుక్కోవాలండీ" అని రెండడుగులు ఎనక్కి జరిగింది.

నాకు అప్పుడే అరికాలి మంట నెత్తికెక్కింది. ముక్కు మీద కోపమని నాకు చిన్నప్పటి నుంచి పేరున్నది. "దీనికి కోపం ముందు పుట్టింది, పండ్లు తర్వాత వచ్చినయి" అంటది మా అమ్మ. అయినా ఊకున్న. కాన్పు గది ముంగట లొల్లి ఎందుకు, లోపల చెల్లెకు ఇంకా కుట్లు వేస్తున్నరు అనుకున్న.

వాళ్ల ఊరి సిద్ధాంతి గారు ఉన్నడు. ఈమె టైము పంపుడు, ఆయన వాట్సాప్‌ల గొంతు పంపుడు, అంతా మేం చాయ్ తాగేలోపల అయిపోయింది. స్పీకర్ పెట్టి మరీ వినిపించింది మాకు. పిల్ల జ్యేష్ఠా నక్షత్రంల పుట్టిందట. పాదం లెక్క చూస్తే తండ్రికి దోషమట. మళ్లీ జ్యేష్ఠ తిరిగొచ్చిన రోజు శాంతి చేసి, కంచు గిన్నెల నూనె పోసి, ఆ నూనెల బిడ్డ నీడ చూసినంకనే తండ్రి బిడ్డ మొఖం చూడాల్నట. అప్పటిదాకా చూస్తే ప్రాణానికే ముప్పట.

సరిగ్గ అదే టైముకు మా మరిది, అదే చెల్లె పెనిమిటి, స్వీట్ల డబ్బా పట్టుకొని మెట్లెక్కుతున్నడు. వాళ్లమ్మ పరుగున పోయి మెట్ల మలుపు కాడ ఆపింది. ఏం చెప్పిందో నాకు వినపడలే. డబ్బా పైకొచ్చింది, మనిషి రాలేదు.

చెల్లె మత్తు దిగి కండ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఆయన చూసిండా అక్కా? ఏమన్నడు?"

నేనేం చెప్పాలె? "ఊర్ల సిద్ధాంతి పర్మిషన్ ఇయ్యలేదు" అని చెప్పాల్నా? "వస్తున్నడు, ట్రాఫిక్‌ల ఉన్నడు" అన్న. నా జన్మల నేను చెప్పిన అబద్ధాలల్ల అంత చేదు అబద్ధం ఇంకోటి లేదు. సాయంత్రానికి చెల్లెకు ఎట్లాగూ తెలిసింది. గోడ దిక్కు తిరిగి పండుకున్నది. చంటిపిల్ల తల్లి ఏడిస్తే చలి చేస్తదని మా అమ్మ బతిమాలింది.

మా అమ్మ కూడా తక్కువది కాదు. "ఎందుకొచ్చిన లొల్లి బిడ్డా, ఒక్క నెలే గద. మనదేం పోయింది" అన్నది. మనదేం పోయిందట! ఆడపిల్ల పుట్టి పూట గడవకముందే కన్నతండ్రి ప్రాణం తీసేదని పేరు పెడితే మనదేం పోయిందట.

ఈ మరిది ఎవరో, ఏం పని చేస్తడో చెప్తే మీకు ఇంకా మంట లేస్తది. ఆయన మా కాలేజీల ఫిజిక్స్ లెక్చరర్. నేను అక్కడ్నే ఇంటర్ పిల్లలకు సంస్కృతం చెప్త. ఒకనాడు నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇయ్యనీకి చెల్లె స్టాఫ్‌రూంకు వస్తే, ఇద్దరికిద్దరు నచ్చుకున్నరు. మాది అబ్దుల్లాపూర్‌మెట్ అవతల పల్లె. వాళ్లది గోదావరి దిక్కు, చదువుల కోసం ఈడికొచ్చి నిలబడ్డ కుటుంబం. మంచి పిలగాడే, కాదన. బోర్డు మీద అద్దం గీసి, ప్రతిబింబం ఎట్ల పడతదో, కిరణం ఎట్ల ఎనక్కి మళ్లుతదో చెప్తుంటే వరండాల పోయేటోళ్లు కూడా నిలబడి వింటరు. అసొంటాయన సొంత బిడ్డ మొఖాన్ని నూనె గిన్నెల చూసుకోనీకి ఒప్పుకున్నడు.

"ఏంది బాబూ ఇది?" అని కింద పార్కింగ్‌ల పట్టుకొని అడిగిన.

"నాకు నమ్మకం లేదు వదినగారూ. అమ్మకుంది. బీపీ మనిషి, ఏమైనా అయితే?" అన్నడు.

"మీ అమ్మకు బీపీ ఉన్నది సరే. నా చెల్లెకు కడుపు కోసిన కుట్లున్నయి."

తల వంచుకున్నడు. చదువుకున్న మగోళ్లకు ఈ తల వంచుకునుడు ఒకటి బాగా వచ్చు.

ఇగ ఫోటోల సంగతి. ఫోటోల చూస్తే దోషమా కాదా అని మళ్లీ సిద్ధాంతికి ఫోను. ఫోటో కూడా దర్శనమే అన్నడాయన. వాళ్ల ఫ్యామిలీ గ్రూపుల మా మరిది ఉన్నడు కాబట్టి, అత్తగారు నర్సుతోనే పిల్ల ఫోటో తీయించి, మొఖం మీద పసుపుపచ్చ నవ్వు బొమ్మ అతికించి పెట్టించింది. గుడ్డల మూట, రెండు చిన్న పిడికిళ్లు, తల ఉండాల్సిన జాగల పండ్లికిలించే గుండ్రటి బొమ్మ. కింద చుట్టాలందరు చేతులు జోడించే బొమ్మలు పెట్టిండ్రు. చెల్లె ఫోన్ల ఆ ఫోటో చూసి నేను ఫోను మంచం మీదికి విసిరికొట్టిన.

పోనీ, జ్యేష్ఠ అన్నది నాకు తెల్వని మాటైతే ఊకుందును. నేను బతికేదే ఆ భాష మీద. మా దగ్గర పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కుల కోసమే, ఆ పేపర్ల సంస్కృతం రాసేది తక్కువ, తెలుగుల ఇంగ్లిష్‌ల రాసి గట్టెక్కేది ఎక్కువ. అయినా నేను ఒళ్లు వంచి చెప్త. ఆ మరునాడు క్లాసుల బోర్డు మీద రాసిన. ప్రశస్యం అంటే మెచ్చుకోదగ్గది. దానికి పై మెట్టు జ్యాయస్. అన్నిటికన్నా పై మెట్టు, ఇంక దాని మీద మెట్టు లేదు, జ్యేష్ఠం. గుణంల అందరికన్నా గొప్పదైనా జ్యేష్ఠమే, వయసుల అందరికన్నా పెద్దదైనా జ్యేష్ఠమే. రాసి, చాక్‌పీసు పట్టుకొని అట్లనే నిలబడ్డ. ముందు బెంచీ పిల్ల లేచి, "మేడం, ఇది ఇంపార్టెంటా?" అని అడిగింది.

"మస్తు ఇంపార్టెంటు. రాసుకో" అన్న.

ఆ మాటను మగోని పక్కన పెట్టి చూడుండ్రి. జ్యేష్ఠ పుత్రుడంటరు. రాజ్యం వానిదే, తలకొరివి వానిదే, పంక్తిల మొదటి ఆకు వానిదే. ఆకాశంల ఆ నక్షత్రానికి అధిదేవత ఎవరనుకున్నరు, దేవతల రాజు ఇంద్రుడు. అదే మాటను ఆడదాని పక్కన పెట్టుండ్రి. చేతికి చీపురు ఇస్తరు, ఎక్కనీకి గాడిదనిస్తరు, జెండా మీద కాకి బొమ్మ వేస్తరు. జ్యేష్ఠాదేవి అంటరు. దరిద్రదేవత అంటరు.

ఆమె చేసిన తప్పేందో చెప్పుండ్రి. పాలసముద్రం చిలికితే లక్ష్మికంటే ముందు బయటికొచ్చింది. అంతే. ముందుగాల వచ్చుడే ఆమె నేరం. దేవతలల్ల ఎవ్వడూ చేసుకోలే. అక్క పెండ్లి కాంది నేను పీటల మీద కూసోనని లక్ష్మి మొండికేస్తే, విష్ణుమూర్తి ఎవరో మునిని పట్టి ఆమెను అంటగట్టిండు. ఆ మునికి ఈమెతోని పొసగలేదు. హోమం పొగ ఈమెకు పడది, మంత్రాల చప్పుడు పడది. "ఈ రావిచెట్టు కింద కూసో, నీకు నచ్చే జాగ చూసొస్త" అని పోయిండు. పోయినోడు పోయినట్టే. ఆమె ఆడనే కూసొని ఏడ్చింది. ఆ ఏడ్పు విని లక్ష్మి ఒక్కతే వచ్చింది, వారానికొకపాలి శనివారం నాడు అక్కను చూసిపోతదట. కథ చెప్పేటోళ్లు ఆమెను దరిద్రదేవత అంటరు గానీ, పెండ్లాన్ని చెట్టు కింద వదిలేసి పారిపోయినోడు మాత్రం ఇప్పటికీ మునే.

పాత గుళ్లల్ల ఆమె బొమ్మలున్నయి. పెద్ద పొట్టతోని, ఒక దిక్కు కొడుకు, ఒక దిక్కు బిడ్డతోని నిండుగ కూసొని ఉంటది. ఒకప్పుడు మొక్కిండ్రన్నట్టే గద. మా పల్లెల పెద్దమ్మ తల్లి అంటే ఇప్పటికీ బోనమెత్తుతం, కల్లు సాక పోస్తం, పిల్లలను సల్లగ చూడుమని మొక్కుతం. అదే పెద్దమ్మ అన్న మాట మా చెల్లె అత్తగారింట్ల తిట్టు, ఆ దరిద్రదేవతకే పేరు. పొద్దుగూకాల జుట్టు విరబోసుకుంటే, గడప మీద కూసుంటే, "పెద్దమ్మ పడుతుంది, లే" అంటరు. పెండ్లైన కొత్తల చెల్లెను అట్ల అంటే, "మా దగ్గర పెద్దమ్మ పడితే అదృష్టం అత్తయ్యా" అన్నదట నవ్వుకుంట. ఆమె నవ్వలేదట.

ఆ అత్తగారు నాకు మొదటి నుంచి కంట్లె నలుసే. మనిషి గట్టిగ మాట్లాడదు, ఎవర్నీ తిట్టదు. కానీ ఏ శుభకార్యంల చూసినా ఎనుక వరుసల నిలబడతది. పెండ్లిల పసుపు దంచాలె అంటే, "ముందు మీరు కానీయండి" అన్నది. చెల్లెవాళ్లు ఫ్లాటు కొనుక్కున్నప్పుడు పాలు పొంగియ్యాలె అంటే, వంటింటి గుమ్మంల నిలబడి మా అమ్మ చేతనే పొయ్యి వెలిగించింది. నిండు ముత్తైదువ, భర్త పక్కనే ఉండె, ఆమెకేం తక్కువ? మనం ముట్టిన పొయ్యిని ఆమె ముట్టదేమో, మనమంటే చిన్నచూపేమో అనుకున్న నేను. పిల్ల పుట్టినంక కూడా అంతే. ఉయ్యాల దగ్గరికి రాదు. ఎత్తుకోదు. ఉడుకునీళ్లు కాపి పెడతది, గుడ్డలు ఉతికి ఆరేస్తది, కారం పొడి కొట్టి పంపుతది, పిల్లను మాత్రం గుమ్మం అవతలి నుంచే, అదీ కాళ్ల దిక్కే చూస్తది. మనవరాలు ఏమన్న తేలా పామా?

నాలుగో నాటికి పిల్ల ఒళ్లు పసుపు పూసినట్టు అయింది. పుట్టు కామెర్లు, బాగా పెరిగినయి, నీలం లైటు కింద పెట్టాలె, ఆ మిషను మా దగ్గర లేదు, ఎల్బీనగర్‌ల పిల్లల దవాఖానకు తీసుకపొమ్మన్నడు డాక్టరు. చెల్లె లేచే పరిస్థితి లేదు. అంబులెన్సుల పిల్లను ఒళ్లె పెట్టుకొని నేను పోయిన. మెట్రో పిల్లర్ల పక్కపొంటి బండి ఉరుకుతుంటే, అద్దంల నుంచి చూస్తే ఎనుక మా మరిది బైకు మీద వస్తున్నడు. సిగ్నల్ కాడ పక్కకొచ్చి ఆగిండు. అద్దం ఇవతల నేను, నా ఒళ్లె ఆయన బిడ్డ. మొఖం అటు దిక్కు తిప్పుకొని ఆటో ఎనుక రాసిన రాతలు చదువుతున్నడు. అద్దం పగలగొట్టి చెవి పట్టుకుందామా అనిపించింది.

అక్కడి రూలు ఏందంటే, లైటు పెట్టిన గది లోపలికి తల్లన్న రావాలె, తండ్రన్న రావాలె. మూడో మనిషి పనికిరాదు. గంట గంటకు ఎవరో ఒకరు ఒళ్లె పెట్టుకొని పాలు పట్టాలె. "నేను పెద్దమ్మను" అన్న. "పెద్దమ్మ అయినా, అమ్మమ్మ అయినా బయటనే మేడం" అన్నది నర్సు. అద్దం తలుపు వేసింది. లోపల నీలం వెలుగుల, కండ్లకు తెల్ల పట్టీ కట్టి, నా చెల్లె బిడ్డను బోర్లా పండబెట్టిండ్రు. సొంత మనిషి వాసన లేకుండ, గిల గిల కొట్టుకుంటున్నది.

కిందికి ఉరికిన. మరిది పార్కింగ్‌ల బైకు మీద కూసొని ఉన్నడు.

"పైకి నడువు" అన్న.

"వదినగారూ, అమ్మ..."

"మీ అమ్మ పేరెత్తితే ఈడనే నీ కాలర్ పట్టుకుంట. నోట్లె చుక్క పాలు పోసేటోళ్లు లేక పిల్ల ఒక్కతే ఉన్నదాడ. నీకు దోషమొస్తే రానీ. నీకేమన్న అయితే నేను పెంచుత దాన్ని. నడువు!" పార్కింగ్‌ల ఉన్నోళ్లందరు మమ్మల్నే చూస్తున్నరు. చూడనీ.

ఆయన వాళ్లమ్మకు ఫోను చేసిండు. వాళ్లమ్మ సిద్ధాంతికి చేసింది. మళ్లీ ఫోను మోగింది. తాకితే దోషం లేదట. చూస్తేనే దోషమట. కండ్లు మూసుకొని ఎత్తుకోవచ్చట. శాస్త్రంల దేనికైనా సందున్నది చూడుండ్రి, మగోడు దూరేంత సందు.

జేబురుమాలు మడత పెట్టి కండ్లకు కట్టుకున్నడు మా ఫిజిక్స్ లెక్చరర్. చెయ్యి పట్టుకొని నేనే నడిపించుకపోయి అద్దం తలుపు కాడ నర్సుకు అప్పజెప్పిన. ఆమె అటు చూసి ఇటు చూసి నా చెవుల మెల్లగ అడిగింది, "సార్‌కు కనపడదా మేడం?"

"కనపడదమ్మా. పుట్టుగుడ్డి కాదు, నడుమ తెచ్చుకున్నడు" అన్న.

అద్దంల నుంచి చూసిన. స్టూలు మీద కూసోబెట్టిండ్రు. చేతులు చాపిండు. నర్సు పిల్లను తెచ్చి అండ్ల పెట్టింది. పిల్లకు తెల్ల పట్టీ, తండ్రికి జేబురుమాలు, ఒకరికొకరు కనపడరు. వేళ్లతోని తడుముతున్నడు. తల యాడున్నదో వెతుక్కున్నడు, చెవి దొరికింది, చెంప దొరికింది, నోరు దొరికింది. పాల గిన్నె నుంచి చెంచాతోని తడబడుకుంట పోస్తున్నడు. జేబురుమాలు కింది నుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వస్తున్నయి. నాకు ఏడ్పు రాలేదు. ఇంత మంచి మనిషిని ఇంత పిరికోన్ని చేసినోళ్లను నిలబెట్టి కడిగెయ్యాలె అనిపించింది. చెల్లె ఫోను చేస్తే మాట్లాడనీకి మెట్ల మీదికి పోయిన.

రెండు రోజులకు పసుపు దిగింది, పిల్ల చెల్లెవాళ్ల ఫ్లాటుకొచ్చింది. మిగతా రోజులు ఆ ఇల్లొక సర్కస్. పిల్లను హాలుకు తెస్తే తండ్రి బాల్కనీలకు పోవాలె. ఆయన అన్నం తినేటప్పుడు పిల్ల మీద పల్చటి గుడ్డ కప్పాలె. మన్సూరాబాద్‌ల నా కిరాయి ఇంటి నుంచి రోజూ కాలేజీ అయినంక పోయేదాన్ని. "కన్నబిడ్డను చూడబుద్ధి కాని మనిషితోని నేనెట్ల బతకాలె అక్కా" అని చెల్లె రోజూ అదే మాట.

మళ్లీ జ్యేష్ఠ వచ్చింది. శాంతి పెట్టిండ్రు. ఊర్ల పొలం చూసుకునే చెల్లె మామగారు కూడా దిగిండు. హాలు నడుమ పీట, కంచు గిన్నె, అండ్ల నువ్వుల నూనె. పంతులు మంత్రాలు చదివి, మరిదిని కూసోబెట్టి, "గిన్నెలోకి మాత్రమే చూడండి బాబూ. అమ్మా, బిడ్డను భుజం మీదుగా వంచండి" అన్నడు. చెల్లె పిల్లను పట్టుకొని ఆయన ఎనుక వంగింది. అత్తగారు ఎప్పటిలెక్కనే వంటింటి గుమ్మంల ఉన్నది.

మరిది గిన్నెల చూడలేదు. మెడ తిప్పి సక్కగ పిల్ల మొఖం చూసిండు.

"అయ్యయ్యో" అన్నడు పంతులు.

"నేను ఆ రోజే చూశానమ్మా" అన్నడు మరిది, పిల్ల మీద నుంచి కండ్లు తీయకుండ. "ఎల్బీనగర్ హాస్పిటల్లో. పాలు పొరబోయి ఊపిరాడలేదు దీనికి. నర్సు అవతలి మంచం దగ్గరుంది. కట్టు లాగేసి చూశాను, బోర్లా తిప్పి వీపు తట్టాను. చూడకపోతే చచ్చిపోయేది."

చెల్లె పిల్లను గుండెకు అదుముకున్నది. "నెల దినాల నుంచి నేను ఏడుస్తుంటే, నాకన్న చెప్పొద్దా?" అన్నది. నాకు ఆయన చెంప వాయించాలనే ఉండె. తల్లి భయపడతదని దాచిండట. పెండ్లాం ఏడ్పు మాత్రం ఎవరి లెక్కలకు రాదు.

అత్తగారు గుమ్మం దాటి వచ్చింది. నేను లొల్లికి సిద్ధంగ కొంగు బిగించిన. ఆమె నన్ను చూడనే లేదు. కొడుకు నుదురు ముట్టింది, ఛాతీ మీద చెయ్యి పెట్టింది, చేతులు పిసికి చూసింది. "ఏమీ కాలేదా నాన్నా? గుండెల్లో నొప్పిగానీ, కళ్లు తిరగడంగానీ?"

"ఏం కాలేదమ్మా. మూడు వారాలు దాటింది. బాగానే ఉన్నాను."

దీవాన్ అంచు మీద కూలబడ్డది. నూనె గిన్నె దిక్కు చూసి, "అయితే మరి మా బావగారు ఎందుకు పోయారు?" అన్నది.

ఎవ్వరికీ అర్థం కాలేదు. ఆమెనే చెప్పింది, ఎవరికో కాదు, గిన్నెకు చెప్పినట్టు. ఆమెదీ జ్యేష్ఠా నక్షత్రమే. జ్యేష్ఠల పుట్టిన కోడలు బావగారికి గండమని లోకం మాట. పుట్టింటోళ్లు నక్షత్రం దాచి పెండ్లి చేసిండ్రు. ఏడు తిరగకముందే ఈ మామగారి అన్న పోయిండు. సంగతి బయటపడ్డది. అప్పటి నుంచి ఆ ఇంట్ల ఆమెను దీపం వెలిగించనియ్యలేదు, విత్తనం ముట్టనియ్యలేదు, పెండ్లికూతురికి బొట్టు పెట్టనియ్యలేదు. ఆ తర్వాత ఎవ్వరూ వద్దనే పని కూడా లేకుండె, ఆమెనే ఎనుక నిలబడుడు నేర్చుకున్నది. "నా నీడ కూడా దీని మీద పడకూడదనుకున్నానండీ. రెండు జ్యేష్ఠలు ఒకచోట కలిస్తే వాడికేమవుతుందోనని," అన్నది.

మామగారు గొంతు సవరించుకున్నడు. "అన్నయ్యకి గుండెలో చిల్లుంది. చిన్నప్పట్నుంచీ ఉంది. ఎక్కువకాలం బతకడని డాక్టర్లు ముందే చెప్పారు."

ఆమె తల ఎత్తింది. "మీకు తెలుసా?"

"ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ పుత్రశోకంలో ఏదో అంటోంది కదా, అననీలే అని ఊరుకున్నాం."

జీవితమంతా. జీవితమంతా ఊకున్నడు. ఆ మాట విన్నంక నాకు కండ్లు కనపడలేదు. "మీ నోట్లె నాలుకె లేదా అయ్యా?" అని అరిచిన. "ఒక్క మాట! గుండెల చిల్లు అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోతుండె? మనిషిని గుమ్మంల నిలబెట్టి, ఆమె వండిన అన్నం తిన్నరు గద పూట పూటకు!" పంతులు గిన్నె పక్కకు జరుపుకున్నడు. మా అమ్మ నా కొంగు గుంజుతున్నది. నేను ఆగలేదు. ఇంక ఏమేం అన్ననో నాకే యాదికి లేదు. మామగారు పీట దిక్కు చూసుకుంట కూసున్నడు, తల వంచుకొని. కొడుకుకు ఆ విద్య యాడ నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

చెల్లె చేతుల నుంచి పిల్లను తీసుకున్న. నేరుగ తీసుకపోయి అత్తగారి ఒళ్లె పెట్టిన. ఆమె చేతులు చాపలేదు, ఒళ్లు బిగబట్టి, కండ్లు గట్టిగ మూసుకున్నది.

"కండ్లు తెరువుండ్రి" అన్న.

"వద్దండీ. తీసుకోండి. నాకు భయం."

"తెరువుండ్రి అంటున్న! ఇంటికి మొదటి బిడ్డ. మీరు చూడకపోతే ఎవరు చూడాలె? తెరువుండ్రి అత్తమ్మా, చూడుండ్రి దీన్ని!" తిట్టినట్టే అరిచిన, నాకు ఇంకోలెక్క చెప్పుడు రాదు.

ముందుగాల ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. పిల్ల ఆమెనే చూస్తున్నది. ఆమె చానాసేపు చూసింది, వేలితోని పిల్ల ముక్కు కొసను ముట్టి, వెంటనే చెయ్యి ఎనక్కి తీసుకొని, తన ముక్కు తడుముకున్నది.

"దీనికి నా ముక్కొచ్చిందండీ," అన్నది. ఆ పిల్ల పుట్టి నెల కావస్తున్నది. పోలిక మాట అన్నోళ్లల్ల ఆమెనే మొదటిది.